దుప్పి కొమ్ములు - కడుపులో పురుగులు

అడవిలో మగదుప్పిని చూచినవారి కన్ను మొట్టమొదట పోవునది దాని కొమ్ముల మీదికే. తలపై రెండు ఎండుకొమ్మలు మొలచినట్లుండు ఆ కొమ్ములను చూచి కవులు మురిసిరి. వేటగాండ్రు గోడలకు తగిలించుకొనిరి. కత్తులకు పిడులు చేయించుకొన్నవారును కలరు. కాని ఆ కొమ్ముల వెనుక ఒక లెక్క దాగియున్నదని తలచినవారు తక్కువ. అది జమాఖర్చుల లెక్క. ఆ మృగము ఏడాది పొడవున తిన్నది యెంత, అందులో ప్రాణము నిలుపుకొనుటకు పోయినది యెంత, చివరకు మిగిలినది యెంత అను దానిని కొమ్ము అందరి కంటికి కనబడునట్లు చూపును.

ఈ లెక్కలో కంటికి కనబడని వాటాదారు డొకడు కలడు. వాడే కడుపులోని పురుగు. దుప్పి మేసిన మేతలో తన వంతు తీసికొన్న తరువాతనే వాడు మిగిలినది దానికి విడుచును. ఆ పురుగును మందుతో తొలగించినచో మృగమునకు ఆరోగ్యము కలుగునా? కొమ్ము పెరుగునా? కలిగిన పక్షమున, అడవిలోని జింకలన్నింటికిని మందు వేయుట మన ధర్మమా? మొదటి రెండు ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు చాలవరకు జవాబు సంపాదించిరి. మూడవది శాస్త్రమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఆ ప్రశ్న వద్దకు చేరుటకు ముందు కొమ్మును గురించి కొంత తెలిసికొనవలెను.

కొమ్మునకు కొమ్మునకు భేదము

ఆవు, మేక, కృష్ణజింక - వీని కొమ్ము లోపల ఎముక, పైన మన గోరువంటి పదార్థముతో తొడుగు. అది ఒకమారు మొలచినచో జీవితాంతము ఉండును. చుక్కల దుప్పి, కణితి మొదలైన వాని కొమ్ము అట్టిది కాదు. అది యావత్తు ఎముకయే. పైగా రాలిపోవును, మరల మొలచును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగమైన కృష్ణజింక మొదటి తెగకు, తెలంగాణ రాష్ట్రమృగమైన చుక్కల దుప్పి రెండవ తెగకు చెందినవి. రెంటిని మనము జింకలనియే పిలుచుచున్నను, కొమ్ముల విషయమున వానికి చుట్టరికము లేదు.

రాలిన చోటనే క్రొత్త కొమ్ము పుట్టును. పెరుగుచున్న కొమ్మును మఖమలువంటి మెత్తని చర్మము కప్పియుండును. దానిలో రక్తనాళములు నిండుగా ఉండుటచే ముట్టుకొన్నచో వెచ్చగా తగులును. ఐరోపాలోని ఎఱ్ఱజింకలో ఈ కొమ్ము రోజునకు ఒకటి రెండు సెంటీమీటర్ల వరకు పెరిగి, మూడు నాలుగు మాసములలో పూర్తియగును. జంతుశరీరములో ఇంత త్వరగా పెరుగు ఎముక మరియొకటి కానరాదు. పెరుగుదల ముగిసిన పిమ్మట మగతనపు రసము రక్తమున హెచ్చును, కొమ్ము గట్టిపడును, పైచర్మము ఎండి ఊడును. మృగము చెట్ల బోదెలకు రుద్ది దానిని వదల్చుకొనును. జతకూడు కాలము గడచి ఆ రసము తగ్గగానే మొదలు సడలి కొమ్ము నేలరాలును. చలిదేశపు జింకలన్నియు ఇంచుమించు ఒకే ఋతువున ఈ పని చేయును. మన చుక్కల దుప్పులు అంత కట్టుబాటు పాటింపవు. ఒకే మందలో ఒకదానికి గట్టికొమ్ము, మరియొకదానికి మఖమలు కొమ్ము ఉండుట సాధారణము.

ఇంత ఎముకను ఇంత త్వరగా కట్టుటకు సున్నపు ధాతువు, భాస్వరము విస్తారముగా కావలెను. మేత ద్వారా లభించునది ఆ వేగమునకు చాలదు. అందువలన దుప్పి తన ప్రక్కటెముకల నుండి అప్పు తెచ్చి కొమ్మునకు పెట్టును. ప్రక్కటెముకలు కొంతకాలము పలుచబడి, పిదప మేతతో మరల నిండును. అయితే అప్పు పుట్టుటకును తీరుటకును ఇంటిలో కలిమి యుండవలెను గదా! శరీరమునకు మొదటి పంక్తి, కొమ్మునకు కడపటి పంక్తి. అందుచేతనే కరవు వచ్చిన ఏట మృగము బ్రతికియున్నను కొమ్ము చిన్నదగును. కొమ్మునకున్న కొనలను లెక్కించి జింక వయస్సు చెప్పవచ్చునను నమ్మకము లోకములో కలదు. అది నిజము కాదు. కొమ్ము పరిమాణమునకు వయస్సు, వంశము, మేత అను మూడును కారణములు. వీనిలో మేతకు గండి కొట్టునది పురుగు.

పురుగు బ్రతుకుతెరువు

నెమరువేయు జంతువునకు నాలుగు కడుపులు. నాలుగవదియే నిజముగా జీర్ణరసము ఊరునది. పురుగులలో పెక్కింటికి అదియే కాపురము. గొఱ్ఱెలను కాచువారికి హీమాంకస్ అను రక్తము పీల్చు పురుగు పేరు తెలియకపోవచ్చును గాని, దాని పని తెలియును. దవడక్రింద నీరు దిగి, కనురెప్పల లోపల తెల్లబారి, జీవము నీరసించిపోవుట వారు చూచియే యుందురు. ఈ పురుగు ఒక్కొక్కటి దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తము తీయును. వేయి పురుగులున్నచో దినమునకు 50 మిల్లీలీటర్లు. ఆడపురుగు ఒక్కొక్క రోజున 5,000 మొదలు 10,000 వరకు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పేడతో నేలబడి పొదగబడును. పిల్లపురుగు మంచుతడి పట్టుకొని గడ్డిపోచ మీదికి ప్రాకును. అక్కడ మరియొక నోటికొఱకు వేచియుండును. మేసిన దుప్పి దానిని మ్రింగును. చక్రము తిరిగి మొదటికి వచ్చును.

ఆస్టర్టేజియా అను మరియొక తెగ పురుగు కడుపుగోడలోని గ్రంథులలో దాగి పెరిగి, జీర్ణరసమును చెడగొట్టి ఆకలిని చంపును. ఊపిరితిత్తులలో చేరు పురుగు పిల్లజింకలను దగ్గుతో కృశింపజేయును. కార్జపు జలగ నీటిలోని నత్తల ద్వారా వచ్చి కాలేయమును తొలుచును. ఇన్ని తెగలున్నను, అడవిలో ఇవి మృగమును తటాలున చంపుట అరుదు. అద్దెకున్నవాడు ఇల్లు కూల్చుకొనడు గదా! పురుగు కోరునది చావు కాదు, వాటా. మరియొక విశేషము: మందలో పురుగులు అందరికి సమానముగా పంచబడవు. కొద్దిపాటి జంతువులలోనే వానిలో అధికభాగము చేరియుండును; తక్కినవానిలో స్వల్పముగా నుండును.

మంచుదీవిలో ఒక పరీక్ష

పురుగు తీసికొను వాటా యెంతయో తేల్చుట ఎట్లు? పురుగు లెక్కువగా నున్న మృగము బక్కచిక్కి యున్నదని చూచినంతమాత్రమున పురుగే కారణమని చెప్పరాదు. బక్కదగుట వలననే దానికి పురుగులు ఎక్కువ పట్టియుండవచ్చును. ఏది ముందు, ఏది వెనుక? దీనిని తేల్చుటకు ఒకే మార్గము. ఒక మందలో కొన్నింటికి మందు వేసి, కొన్నింటిని విడిచి, రెండు గుంపులను పోల్చవలెను. అడవిలో స్వేచ్ఛగా తిరుగు మృగములపై ఈ పని చేయుట సులభము కాదు. దానిని నెరవేర్చిన చోటులలో ముఖ్యమైనది స్వాల్బార్డ్.

ఇది ఉత్తరధ్రువమునకు చేరువలో నార్వే దేశమునకు చెందిన దీవుల సముదాయము. అక్కడ రెయిన్‌డీర్ అను జింకలు కలవు. జింకల జాతులలో ఆడదానికి సైతము కొమ్ములుండునది ఇదియొక్కటే. ఆ దీవులలో తోడేళ్ళు లేవు. మేతకు పోటీవచ్చు వేరొక పెద్ద జంతువు లేదు. జింక, మేత, చలి, పురుగు - ఈ నాలుగే పాత్రలు. పరీక్షకు ఇంతకంటె అనువైన రంగస్థలము ఎక్కడ దొరకును?

ఆల్బన్, స్టీన్ మొదలగు పరిశోధకులు ఆరేండ్లపాటు జరిపిన ఈ పని ఫలితములను 2002లో ప్రకటించిరి. చలికాలము వెళ్ళుచుండగా, ఏప్రిల్-మే మాసములలో, కొన్ని ఆడజింకలకు పురుగుల మందు వేసిరి. కొన్నింటిని ఊరక విడిచిరి. మరుసటి ఏడు ఏది దూడతో తిరుగుచున్నది, ఏది ఒంటరిగా నున్నది అని చూచిరి. మందు వేసినవానిలో దూడను ఈనుట ఎక్కువగా కనబడెను. కాని చలికాలమున చచ్చిపోవుటలో రెండు గుంపులకును భేదము కానరాలేదు. ఈ రెండు ఫలితములను కలిపి చదువవలెను. పురుగు తల్లి ప్రాణమును తీయలేదు. దాని కడుపుపంటను తీసినది. మిగులు నుండి పుట్టవలసిన దానిని మిగులు నుండియే కాజేసినది.

కథ అంతటితో ముగియలేదు. పురుగు చేసిన నష్టము ఏటేట ఒకే తీరున లేదు. ముందటి అక్టోబరులో కడుపులో పురుగులు హెచ్చుగానున్న ఏట నష్టము హెచ్చెను. ఆ హెచ్చుతగ్గులకు మూలము రెండేండ్ల క్రిందటి జింకల సంఖ్యలో కనబడెను. అనగా, మంద పెరిగినచో నేలపై పేడ పెరుగును, గడ్డిపై పిల్లపురుగులు పెరుగును, రెండేండ్లకు ఆ ఫలము దూడల సంఖ్యపై పడును, మంద తగ్గును. మంద తగ్గగా పురుగును తగ్గును. తోడేలు లేని దీవిలో, మంద మితిమీరకుండ చూచుటకు ఈ పురుగు ఒక్కటియే చాలునని ఆ పరిశోధకుల గణితము తేల్చినది. మనము శత్రువని తలచినది అక్కడ కాపలాదారు పని సైతము చేయుచున్నది!

కొమ్ము చెప్పు సాక్ష్యము

దూడ విషయమున నిజమైనది కొమ్ము విషయమున నిజము కాదా? ఆడదానికి దూడ యెట్టిదో మగదానికి కొమ్ము అట్టిది. రెండును మిగులు సొమ్ముతో కట్టునవియే. అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రమున తెల్లతోక జింకలను పరిశీలించి మల్వీ, ఆహో అను నిరువురు 1993లో వ్రాసిన వ్యాసములో, కాలేయపు జలగలకును మగజింకల కొమ్ములకును గల సంబంధము చర్చింపబడినది. ఇట్టి పరిశీలనలకు వెనుక మరియొక పెద్ద ఆలోచన కలదు. 1982లో హామిల్టన్, జుక్ అనువారు పక్షుల రంగులను గురించి ఒక ఊహ చేసిరి. మగపక్షి మెరుపు ఆడపక్షికి ఒక ఆరోగ్యపత్రము వంటిదనియు, పురుగులతో క్రుళ్ళినవాడు అట్టి మెరుపును చూపలేడనియు వారి భావము. పదేండ్ల పిమ్మట ఫోల్స్టాడ్, కార్టర్ అనువారు దీనికి మరియొక ముడి వేసిరి. కొమ్మును గట్టిపరచు మగతనపు రసమే శరీరపు రోగనిరోధక శక్తిని కొంత కృంగదీయునని వారు సూచించిరి. ఆ లెక్కన పెద్దకొమ్మును మోయుట సాహసమే. అంత ఖర్చు పెట్టియు, అంత ప్రమాదమునకు లోబడియు నిలిచినవాడు నిజముగా బలవంతుడు. కొమ్ము అబద్ధమాడుట కష్టము.

ఇక మందు సంగతి. కంచెలోపల పెంచు జింకల విషయమున జవాబు స్పష్టము. 1969లో జింకల పెంపకమునకు చట్టము అనుమతి నిచ్చిన న్యూజీలాండ్‌లో, ఊపిరితిత్తుల పురుగు పిల్లజింకలకు పెద్ద బెడద. మందు వేయనిచో అవి ఎదుగవు, కొన్ని చచ్చును. ఇరుకు పచ్చికలో పురుగుభారము పెరిగినప్పుడు మందు ఆకలిని తిరిగి తెచ్చును; ఆకలి బరువును తెచ్చును; బరువు కొమ్మును తెచ్చును. కాని మందు కొమ్మునకు ఎరువు కాదు. అది గండిని పూడ్చగలదే గాని క్రొత్త నీటిని తేలేదు. మేతలేని చోట, వయస్సు రాని మగదానికి ఎన్ని మాత్రలు వేసినను కొమ్ము విరియదు.

మందుల కథలో మనవాడు

పురుగుల మందుల చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించుచుండగా, 1947లో బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాన్ వెలువడినది. మరుసటి ఏడే ఆయన కన్నుమూసెను. మనుష్యుల కొఱకు పుట్టిన ఆ మందు తరువాత పశువుల ఊపిరితిత్తుల పురుగులపై సైతము వాడబడెను. 1961లో థయాబెండజోల్ వచ్చెను. జపాను మట్టిలో సతోషి ఓమురా పట్టిన సూక్ష్మజీవి నుండి విలియం కాంప్‌బెల్ ప్రభృతులు సిద్ధపరచిన ఐవర్‌మెక్టిన్ 1981 నుండి పశువులకు వాడుకలోనికి వచ్చెను. 2015లో ఆ యిరువురికి నోబెల్ బహుమానములో భాగము లభించెను.

అదే 2015 నుండి మన దేశమున ఫిబ్రవరి 10వ తేదీని నులిపురుగుల నివారణ దినముగా పాటించుచున్నారు. ఆ దినమున ఉపాధ్యాయులు తరగతిలో నిలుచుండి పిల్లలచేత ఆల్బెండజోల్ మాత్రను నమిలించుట మనకు తెలిసినదే. పిల్లవాని రక్తహీనతకును దుప్పి కృశించుటకును గల కారణములు సోదరులవంటివి. అట్లయినచో పిల్లలకు చేసినది దుప్పులకేల చేయరాదు?

అడవికి మాత్ర వేయవచ్చునా?

తరగతిలో ప్రతి పిల్లవానికి ఒక మాత్ర, ప్రతి మాత్రకు ఒక లెక్క. అడవిలో అట్టి ఏర్పాటు లేదు. మందును మొక్కజొన్న గింజలలో కలిపి పెట్టవలెను. టెక్సాసులో కార్జపు జలగలకు మందు కలిపిన గింజలతో ఇట్టి ప్రయత్నము జరిగినది. జలగలు తగ్గినవి గూడ. అయితే మేత పెట్టిన చోట బలిసిన మగది ముందు నిలుచును. బెదరు ఆడది, పిల్లది వెనుకబడును. ఒకదానికి మోతాదు మించును, మరియొకదానికి చాలదు. చాలని మోతాదు పురుగును చంపదు, దానికి చదువు నేర్పును. థయాబెండజోల్ వచ్చిన కొలది యేండ్లకే గొఱ్ఱెలలో దానికి లొంగని హీమాంకస్ కనబడెను. అడవిలోను అట్టివి పుట్టినచో అవి అక్కడనే యుండవు. అదే పచ్చికను మేయు గొఱ్ఱెల మందలకును చేరును.

రెండవ చిక్కు నేలమీదిది. ఐవర్‌మెక్టిన్ చాలవరకు మారకుండ పేడతో వెలువడును. ఆ పేడలో పెరుగు పేడపురుగుల పిల్లలు చచ్చుట, పేడ త్వరగా నేలలో కలియకపోవుట 1987లోనే వాల్, స్ట్రాంగ్ అనువారు చూపిరి. పేడపురుగు లేనిచో ఎరువు లేదు, ఎరువు లేనిచో గడ్డి లేదు. కడుపులోని పురుగును చంపబోయి నేలలోని సేవకుని చంపుకొందుమన్నమాట.

మూడవది అన్నింటికంటె భయంకరము. మందుగింజల కొఱకు మృగములన్నియు ఒకే చోట గుమిగూడును. పేడయు అక్కడనే పడును. అనగా పురుగును తొలగించుటకు చేసిన ఏర్పాటే పురుగునకు పెండ్లిపందిరి యగును. పురుగుకంటె ఘోరమైన రోగములకును అదియే త్రోవ. 1967లో అమెరికాలోని కొలరాడోలో పట్టి పెంచిన జింకలలో మొదట కనబడిన, కృశింపజేయు ఒక రోగము మెదడును తొలిచి జింకలను చంపును; దానికి మందు లేదు. 2016లో అది నార్వే దేశపు అడవి రెయిన్‌డీర్‌లలో బయటపడెను. రోగమును ఆపుటకు ఆ ప్రాంతపు మందను, సుమారు 2,000 జింకలను, ప్రభుత్వము యావత్తు చంపింపవలసివచ్చెను. ఉప్పు నాకుటకు మృగములు గుమిగూడు చోటులపై అక్కడివారికి అనుమానము కలుగుట సహజమే.

దీనిని బట్టి మందు ఎన్నడును పనికిరాదని చెప్పరాదు. జంతుప్రదర్శనశాలలో, కంచె వేసిన జింకల వనములో, ఒక అడవి నుండి మరియొక అడవికి మృగములను తరలించునప్పుడు, పేడను పరీక్షించి మందు వేయుట విధి. మనము కంచె వేసితిమి గనుక కంచెలోపలి రోగమునకు మనమే బాధ్యులము. కాని స్వేచ్ఛగా తిరుగు మందకు, కొమ్ములు పెద్దవగుననియు, గోడకు అందమనియు మందు పెట్టుట వైద్యము కాదు, వ్యాపారము.

అడవికి తగిన వైద్యము

అడవి తన వైద్యమును తాను ఎరుగును. నల్లమలలో పులి, చిరుతపులి, రేచుకుక్క కలవు. బలహీనమైనది ముందుగా వేటకు చిక్కును. పురుగుభారము హెచ్చుగా మోయునదియు తరచు అదియే. వేటమృగములను తొలగించినచో మందలో రోగము పెరుగవచ్చునని 2003లో ప్యాకర్ మొదలైనవారు గణితమూలమున చూపిరి. గడ్డి విస్తారముగా నున్నచో దుప్పి ఒకే పచ్చికను మాటిమాటికి కొరుకదు. నీటికుంటలు చాలినన్ని యున్నచో మందలన్నియు ఒకే రేవున త్రొక్కిసలాడవు. అడవి అంచున ఊరి గొఱ్ఱెలు, పశువులు మేయు చోట ఒకరి పురుగులు మరియొకరికి సోకును. కావున ఊరి మందకు సకాలమున మందు వేయించుటయే దుప్పికి మనము వేయదగిన మందు. ఆ మందకు తూనిక కలదు, లెక్క కలదు, పట్టుకొని నోట పోయుటకు కాపరి కలడు.

విద్యార్థులు గ్రహింపదగిన నీతి ఇక్కడనే యున్నది. ఒక మృగమునకు మేలు చేయునది మందకు మేలు చేయకపోవచ్చును. మందకు మేలైనది అడవికి మేలు కాకపోవచ్చును. స్వాల్బార్డ్‌లో మందు తిన్న ఆడజింకకు దూడ దక్కినది, అది నిజము. ఆ దీవిలోని జింకలన్నింటికి ఏటేట మందు వేసియుండినచో ఏమగును? దూడలు పెరిగి, మంద పెరిగి, ఉన్న కొద్దిపాటి మేత తరిగి, చలికాలము వచ్చుసరికి ఆకలి ఆ పనిని పూర్తిచేసెడిది. పురుగు రెండేండ్లకు మెల్లగా తీసికొను వాటాను ఆకలి ఒక్క శీతకాలమున నిలువున తీసికొనును.

కొమ్ము పెద్దదిగా నున్న మగదుప్పిని అడవిలో చూచినప్పుడు దాని వెనుకనున్న వానను, గడ్డిని, చోటును గూడ చూడవలెను. అవి యున్నంత కాలము పురుగు తన వాటా తాను తీసికొనును; దుప్పి తన కొమ్ము తాను మొలిపించుకొనును. అవి పోయిన నాడు మాత్ర వేసి కొమ్మును నిలుపగల వైద్యుడు లేడు.